స్పాన్సర్ పేజీలో రేట్లు రాసి పెట్టాలా, ‘సంప్రదించండి’ అని వదిలేయాలా?

అక్షరదోషం (చర్చ ప్రారంభం)

మన తెలుగు స్పెల్‌చెక్ నిఘంటువుకి (ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీసుల్లో పనిచేసేది, పూర్తిగా ఉచితం) స్పాన్సర్ల పేజీ చిత్తుప్రతి సిద్ధమైంది. పైన ‘మా లక్ష్యాలు’ అని రెండు పేరాలు, మధ్యలో యూపీఐ క్యూఆర్, అడుగున ‘స్పాన్సర్‌షిప్ వివరాలకు సంప్రదించండి’ అని ఒక మెయిల్ ఐడీ. ఏడాదికి కావలసింది రూ. 60,000. సర్వరుకి 14,400, డొమైన్‌కి 1,200, ఇద్దరు విద్యార్థులకి నెలకి 7,000 చొప్పున మూడు నెలలు అంటే 42,000, మిగిలిన 2,400 గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సేవ) కోతలకి.

రేట్లు వేయాలా వద్దా అన్నదొక్కటే తేలడం లేదు. మీ మాట చెప్పండి.

రేటుబోర్డు

వేయాలి. ఇందులో చర్చించడానికి ఏముందో కూడా తెలీడం లేదు.

కంపెనీలో ఈ పేజీ చూసేది ఎండీ కాదు. మార్కెటింగ్‌లోనో హెచ్చార్‌లోనో పనిచేసే ఒక జూనియర్. వాడు పైవాళ్ళకి నోట్ పెట్టాలంటే అందులో ఒక అంకె ఉండాలి. ‘సంప్రదించండి’ అంటే వాడు మెయిల్ రాయాలి, మీరు రెండు రోజులకి జవాబివ్వాలి, ఈలోపు వాడికి వేరే పని తగులుతుంది. అంతే సంగతులు.

మూడే మెట్లు పెట్టండి, ఆరు వద్దు. రూ. 6,000కి ఏడాదంతా స్పాన్సర్ల పేజీలో పేరు, లింకు. రూ. 15,000కి మొదటి పేజీ అడుగున లోగో, 160 పిక్సెళ్ళ వెడల్పు. రూ. 40,000కి ఒక్కరే, ప్రతి కొత్త వెర్షన్ ప్రకటనలో మొదటి వాక్యంలో పేరు. ప్రతి మెట్టు దగ్గరా ఎంతకాలమో, ఎక్కడ కనిపిస్తుందో, గడువు అయ్యాక లోగో తీసేస్తారని కూడా రాయండి. గడువు రాయకపోతే ఒకసారి పెట్టిన లోగో తీయడం కన్నా ఇంటి అద్దెదారుని ఖాళీ చేయించడం సులువు.

‘మా లక్ష్యాలు’ పేరాలు తీసెయ్యండి. మొదటి స్క్రీన్‌లో నాలుగే ఉండాలి: ఇదేమిటో ఒక వాక్యం, రోజూ ఎంతమంది వాడుతున్నారు (ఫైర్‌ఫాక్స్ యాడ్ఆన్ డెవలపర్ పేజీలో ఆ లెక్క వస్తుంది, దాన్ని నెలకోసారి మార్చండి), ఎంత కావాలి, ఎంత వచ్చింది. పక్కనే ఒక పేజీ పీడీఎఫ్, ఒక ఎంబీ లోపు. ఆ జూనియర్ దాన్నే వాట్సాప్‌లో బాసుకి పంపుతాడు, మీ లింకుని కాదు.

నల్లగొండనెట్

క్యూఆర్ సంగతి ముందు చూడున్రి. ఫోన్ల కనవడే బొమ్మను అదే ఫోన్‌తోని ఎట్ల స్కాన్ జేస్తరు?

కొల్లేటికొంగ

రేటు కట్టిన క్షణం నుంచీ అది విరాళం కాదు, అమ్మకం. పెద్ద తేడా లేదని రేటుబోర్డు గారు అనుకుంటున్నారు కానీ తేడా అంతా అక్కడే ఉంది.

2019 ఆగస్టులో జావాస్క్రిప్ట్ వాళ్ళ ‘స్టాండర్డ్’ అనే పరికరంలో (కోడ్ రాసిన తీరుని సరిచూసేది) ఏం జరిగిందో తెలిసిందే. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తుంటే టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే తెర మీద, స్పాన్సర్ కంపెనీ ప్రకటన పడేది. ఉద్దేశం మంచిదే, నిర్వహించేవాళ్ళకి నాలుగు డబ్బులు రావాలని. కొద్ది రోజుల్లోనే అంత గోల లేచింది, స్పాన్సర్లు వెనక్కి తగ్గారు, ప్రయోగం ఆగిపోయింది, అలాంటి పరికరాలు పంచే వేదిక ఎన్‌పీఎం ఆ ప్రకటనలనే నిషేధించింది. చోటు అమ్మడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలీదు. ఇవాళ వెర్షన్ ప్రకటనలో మొదటి వాక్యం, రేపు తప్పు పదం కింద ఎర్రగీత పక్కన లోగో.

‘ఎంతైనా ఇవ్వండి’ అని రాసి, ఖర్చుల లెక్క పక్కన పెడితే చాలు.

రేటుబోర్డు

‘ఎంతైనా ఇవ్వండి’ అంటే ఎంతొస్తుందో 2014లోనే తేలింది. హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు లోకంలో బోలెడన్ని వెబ్‌సైట్లు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఉచిత భద్రతా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి, లోపం అందులోదే. దానికి విరాళాలుగా వస్తున్నది ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. వాడుకుంటున్న కంపెనీలు పిసినారివని కాదు. విరాళం ఇవ్వడానికి వాళ్ళ పద్దులో గడి లేదు. బిల్లు కట్టడానికి ఉంది.

కొల్లేటికొంగ

బిల్లు కావాలంటే ఇవ్వండి, ఎవరొద్దన్నారు. రేటుబోర్డు ఎందుకు?

కోడ్‌కాపరి

నల్లగొండ అన్న చెప్పింది సరైన మాట, దాన్ని దాటేసి అందరూ సిద్ధాంతాల్లో పడ్డారు. డబ్బు కట్టే చోటే పేజీలు చచ్చేది. వరసగా చెప్తాను.

ఫోన్‌లో చూసేవాళ్ళకి క్యూఆర్ బదులు యూపీఐ లింకు బటన్ పెట్టండి, నొక్కితే యాప్ తెరుచుకునేది. కానీ వ్యక్తిగత ఐడీకి అలా లింకు ద్వారా పంపుతుంటే కొన్ని యాప్‌లు భద్రత పేరుతో ఆపేస్తాయి. అందుకే ఐడీని అక్షరాల్లో కూడా రాసి పక్కన కాపీ బటన్ ఇవ్వండి. క్యూఆర్‌ని పెద్ద తెరల మీద మాత్రమే కనిపించేలా చేయండి.

గేట్‌వే పెట్టుకుంటే సాధారణంగా 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. వెయ్యి ఇస్తే 976 రూపాయల 40 పైసలు చేతికొస్తాయి. మీరు వేసుకున్న 2,400లో సరిపోతుంది.

నెలనెలా చందా మీద ఆశలు పెట్టుకోకండి. 2021 అక్టోబరు నుంచి కార్డు నుంచి దానంతటదే కోసే చెల్లింపులకి ఆర్‌బీఐ ఇ-మాండేట్ నిబంధనలున్నాయి, ప్రతి కోతకీ 24 గంటల ముందు సమాచారం వెళ్ళాలి, అది అమర్చుకోని విదేశీ వేదికల మీద మన కార్డులు చాలావరకు రెండో నెలే ఫెయిలవుతాయి. ఏడాదికోసారి ఒకే మొత్తం అడగడం మేలు. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి దేశం లోపల చెల్లింపులు ఆపేసింది, బయటి నుంచి వచ్చేవాటికే పనికొస్తుంది.

కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్ దాచి పంచుకునే సైటు) ఉంది కాబట్టి డాట్ గిట్‌హబ్ ఫోల్డరులో ఫండింగ్ డాట్ వైఎంఎల్ ఫైలు వేస్తే అక్కడి మన ప్రాజెక్టు పేజీ పైన ‘స్పాన్సర్’ బటన్ వస్తుంది. అందులో మన పేజీ లింకే ఇవ్వొచ్చు. ఐదు నిమిషాల పని.

నల్లగొండనెట్

షేర్ల కంపెనీ జెరోధా వాళ్ళ ఫండ్‌కు అర్జీ పెట్టొచ్చు గద?

కోడ్‌కాపరి

ఫ్లాస్ ఫండ్, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి డబ్బిచ్చేది. 2024 అక్టోబరులో మొదలైంది, ఏడాదికి పది లక్షల డాలర్లు. కానీ ఒక్కో ప్రాజెక్టుకి కనీసం 10,000 డాలర్లు. మన అవసరం అందులో పదోవంతు కూడా కాదు. అయినా వాళ్ళ పద్ధతిలో ఫండింగ్ డాట్ జేసన్ ఫైలు తయారు చేసి ఉంచుకోండి. ఎవరు నడుపుతున్నారు, ఏ మార్గాల్లో డబ్బు పంపొచ్చు, ఏ ప్లాన్‌కి ఎంత, గత ఏళ్ళలో ఎంత వచ్చింది, అన్నీ అందులో నింపాలి. గమనించండి, అందులో ప్లాన్‌కి ‘ఎంత’ అనే గడి ఉంది.

రేటుబోర్డు

విన్నారా కొంగ గారూ.

కొల్లేటికొంగ

ఎవరో ఫైలులో గడి పెట్టారని మనం అంగడి తెరవాలా? అడిగినదానికి జవాబు చెప్పండి. 160 పిక్సెళ్ళు ఎందుకు? 120 ఎందుకు కాదు?

రేటుబోర్డు

ఫోన్ తెర 360 వెడల్పు ఉంటే 160 చొప్పున వరసకి రెండు లోగోలు పడతాయి, మధ్యలో ఖాళీతో సహా. 120 పెడితే కంపెనీ పేరు కింది చిన్నక్షరాలు కనపడవు. ఇక చాలా?

కొల్లేటికొంగ

చాలదు. 15,000 కట్టినవాడి లోగో 160 ఉంటే, 40,000 కట్టినవాడు 320 అడుగుతాడు.

నల్లగొండనెట్

ఇగ టేపు వట్కోని కొలుసుకోన్రి.

పద్దులపంతులు

వృత్తిరీత్యా రెండు ముక్కలు. మీరిద్దరూ ‘స్పాన్సర్’, ‘విరాళం’ అని ఇష్టం వచ్చినట్టు మారుస్తున్నారు. చట్టం అలా మార్చనివ్వదు.

ఒకటి, సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సమాజసేవకి పెట్టే ఖర్చు. లోగో చోటు అమ్మే పేజీలోనే ‘మీ సీఎస్‌ఆర్ నిధులు ఇవ్వండి’ అని రాయకండి. ప్రచారం కోసం స్పాన్సర్‌షిప్ పద్ధతిలో చేసే ఖర్చుని సీఎస్‌ఆర్ నిబంధనలు స్పష్టంగా మినహాయించాయి. పైగా సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోవాలంటే సంస్థకి రిజిస్ట్రేషన్, సీఎస్‌ఆర్-1 ఫారం ఉండాలి. మీకు అసలు సంస్థే లేదు. పన్ను రాయితీ ఊసూ ఎత్తకండి, 80జీ గుర్తింపు (విరాళం ఇచ్చినవాళ్ళకి పన్ను రాయితీ వచ్చేది) లేకుండా ఆ మాట రాస్తే ఇచ్చినవాడు ఇరుక్కుంటాడు.

రెండు, అమెరికా బంధువులు. మన తెలుగు ప్రాజెక్టులన్నీ వాళ్ళనే అడుగుతాయి. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేస్తున్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) ఉన్నవాళ్ళు సహా, పంపితే అది విదేశీ మూలం. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి, ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఖాతా, ఆ తతంగమంతా ముందుకొస్తుంది. పేజీలో విరాళం బటన్ పైన ‘భారత పౌరులకు మాత్రమే’ అని ఒక వాక్యం తప్పనిసరిగా వేయండి. సేవకి బిల్లు మీద వచ్చే డబ్బు దారి వేరు, దానికి జీఎస్టీ పరిమితి ఏడాదికి 20 లక్షలు, మీకు దూరం.

రేటుబోర్డు

అంటే రేటు, బిల్లు ఉన్న దారే శుభ్రమైనది. నేను మొదటినుంచీ చెప్తున్నది.

పద్దులపంతులు

నేనలా అనలేదు. రెండూ ఒకే బటన్ కింద కలపొద్దన్నాను.

ఉల్లిదోసె

మెయిల్ ఐడీ పెట్టినా పెట్టకపోయినా, రేట్లు పెట్టిన వారంలో ‘మీ అత్యున్నత శ్రేణి తీసుకుంటాం, వెంటనే చెల్లిస్తాం’ అని ఉత్తరం వస్తుంది. తీరా చూస్తే క్యాసినో, బెట్టింగు, ఫాలోయర్లని అమ్మే సైటు. వాళ్ళకి మీ పాఠకులు అక్కర్లేదు, గూగుల్ ర్యాంకు కోసం మీ సైటు నుంచి ఒక లింకు కావాలి. ప్రాజెక్టులకి చందాలు పోగుచేసే సైటు ఓపెన్ కలెక్టివ్‌లో ఎన్నో మంచి ప్రాజెక్టుల కింద ఇవే లోగోలు. మందు: స్పాన్సర్ లింకులన్నిటికీ ‘రెల్ స్పాన్సర్డ్’ అని ట్యాగు వేస్తామని పేజీలోనే రాయండి. అది డబ్బు తీసుకుని పెట్టిన లింకు అని గూగుల్‌కి చెప్పే గుర్తు, 2019 నుంచి గూగుల్ పెట్టమంటోంది. చదవగానే సగంమంది మాయమవుతారు. ఇంకో వాక్యం: ‘ఏ స్పాన్సర్‌నైనా కారణం చెప్పకుండా నిరాకరించే హక్కు మాది.’ డబ్బుపెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనలు 2025 చట్టంతో దేశమంతా నేరం. ఆరువేలకి ఆశపడితే కేసు మీ పేరు మీద.

కొల్లేటికొంగ

ఇదీ నేను చెప్పేది. రేట్లు పెడితే ఈగలు వస్తాయి.

రేటుబోర్డు

తలుపు తీస్తే ఈగలొస్తాయని ఇంటికి తలుపే పెట్టుకోరా? మీకు డబ్బంటేనే ఏదో అంటు. సర్వరు బిల్లు అక్షరదోషం గారు జేబులోంచి కడుతుంటే మీకు చీమ కుట్టినట్టయినా లేదు. ఏ ప్రతిపాదన వచ్చినా అడ్డం పడటం ఒక్కటే మీ సేవ.

కొల్లేటికొంగ

సేవ సంగతి మీరు మాట్లాడకండి. పదాల జాబితాలో క్రియారూపాలు ఎవరు సరిచూశారో ఒకసారి మార్పుల చరిత్ర చూసుకోండి. ‘వెళ్ళు’కి ‘వెళ్తున్నాను, వెళుతున్నాను, వెళ్తన్నా’ అన్నీ ఉంచాలా వద్దా అని ఒక్కో ధాతువు దగ్గర కొట్టుకుని ఏరింది పది పన్నెండు మంది. వాళ్ళలో ఒక్కరి పేరైనా మీ స్పాన్సర్ పేజీలో ఉందా? ఆరువేలు కట్టిన కంపెనీ పేరు లింకుతో సహా ఉంటుంది. నలభైవేలు కట్టినవాడు మొదటి వాక్యంలో ఉంటాడు. పదాలు ఏరినవాళ్ళు ఎక్కడ? డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, ఏ విద్యార్థికి స్టైపెండ్ ఇవ్వాలో ఎవరు తేలుస్తారు? ఆ ముక్క చిత్తుప్రతిలో ఎక్కడా లేదు.

నిర్వాహకుడు

వ్యక్తిగత వ్యాఖ్యలు ఇక్కడితో ఆపండి. కొంగ గారి ఆఖరి ప్రశ్న చర్చకి సంబంధించినదే, దానికి జవాబు రావాలి.

అక్షరదోషం

ఖాతా ప్రస్తుతానికి నా వ్యక్తిగతమే. స్టైపెండ్ గురించి ఏ పద్ధతీ అనుకోలేదు.

ఉల్లిదోసె

అయితే కంపెనీ కూడా అదే అడుగుతుంది. ‘బిల్లు ఎవరి పేరు మీద? పాన్ ఎవరిది?’ వ్యక్తి పాన్ అంటే మొత్తం ఆయన ఆదాయంలో కలుస్తుంది, టీడీఎస్ కూడా ఆయన పేరుమీదే కోస్తారు.

రేటుబోర్డు

కంపెనీ లోగో పైన, పని చేసినవాళ్ళ పేర్లు పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. నిజానికి స్పాన్సర్‌కి కూడా అది నమ్మకం, పనిచేసే మనుషులున్నారని. కానీ రేట్లు తీసేయమంటే మాత్రం కుదరదు.

కొల్లేటికొంగ

రేట్లు ఉంచుకోండి. నా గొడవ రేట్ల మీద కాదు. వచ్చిన ప్రతి రూపాయీ ఖర్చయిన ప్రతి రూపాయీ అదే పేజీలో నెలనెలా రాయాలి. ఐదువేలు దాటిన ఖర్చుకి ఇద్దరు ఒప్పుకోవాలి. స్పాన్సర్ ఎవరైనా సరే, ఫలానా పదం చేర్చమని, తీసెయ్యమని చెప్పే హక్కు లేదని రేట్ల పట్టిక పైనే రాయాలి, అడుగున చిన్నక్షరాల్లో కాదు.

అక్షరదోషం

ఆ వాక్యం ఇవాళే వేస్తాను. విరాళం, స్పాన్సర్‌షిప్ రెండు వేరు భాగాలు చేస్తాను. ఖాతా సంగతే...

పద్దులపంతులు

సొసైటీగా రిజిస్టరు చేసుకోండి. మన రాష్ట్రాల 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి, బైలాతో (సంఘం నియమావళి). పాన్, ఖాతా సొసైటీ పేరున వస్తాయి, చెక్కు మీద రెండు సంతకాలు పెట్టుకోవచ్చు. ఆ తర్వాతే ఈ పేజీ బయటపెట్టండి.

నల్లగొండనెట్

ఏడుగురల్ల నన్ను రాసుకోన్రి.

కొల్లేటికొంగ

బైలా చిత్తుప్రతి ఇక్కడ పెట్టండి. చదివాక చెప్తాను.