రేస్ వైర్ లేని బండి నమ్మొచ్చా?

అన్నలూ, 11 ఏండ్ల నుంచి కేబుల్ థ్రాటిల్ బండే నాది. రేస్ వైర్ తెగితే లక్డీకాపూల్‌ల రోడ్డు పక్కనే మార్పించుకున్న, చాయ్ చల్లారేలోపు. ఇప్పుడు రైడ్-బై-వైర్ బండి (కేబుల్ లేకుండ సెన్సార్, కరెంటుతో రేస్ నడిచేది) కొందామంటే గుబులు. మెహిదీపట్నం ట్రాఫిక్‌ల సెన్సార్ మొండికేస్తే?

— తమ్మీ, గ్రిప్ సెన్సార్ రెండు సిగ్నల్స్ ఇస్తది. అవి పొంతన కుదరకుంటే ఈసీయూ (బండిల ఉండే కంప్యూటర్) రేస్ తగ్గిస్తది, బండి ఎగబడదు. యమహా 2006 ఆర్6 బైక్‌లనే రైడ్-బై-వైర్ పెట్టింది.

— తగ్గిస్తది, నిజమే. నాది వానల నార్సింగి నుంచి ఇంటిదాకా ఎడ్లబండే! కనెక్టర్‌ల నీళ్లు. కానీ అనంతగిరి ఘాట్‌ల తడి రోడ్డు మీద రెయిన్ మోడ్ (రేస్ మెత్తగ ఇచ్చే సెట్టింగ్) వేస్తే, మళ్లీ కేబుల్ బండి ఎక్కబుద్ధి కాలే.

— మరి రోడ్డు పక్క మెకానిక్ చేస్తడా అన్నా?

— స్కానర్ (ఈసీయూల తప్పు చూపించే మిషన్) ఉంటే చేస్తడు. లేకుంటే ట్రాలీ ఆటోనే.