శంషాబాద్ విమానాశ్రయం నుంచి బంజారాహిల్స్ హోటల్‌కు కారు ముందే మాట్లాడుకోవాలా?

ప్రశ్న: మా అమ్మానాన్నలు దుబాయ్ నుంచి తెల్లవారుజామున మూడింటికి శంషాబాద్‌లో దిగుతున్నారు. నాలుగు పెద్ద పెట్టెలున్నాయి. కారు ముందుగా బుక్ చేయడం మంచిదా, దిగాక చూసుకోవచ్చా?

మొదటి సమాధానం: ఆ వేళకు, పెద్దవాళ్లకు, ముందే బుక్ చేయడమే మేలండీ. బుకింగ్‌లో సమయం ఒక్కటే కాక విమానం నంబరు కూడా ఇవ్వండి. ఆలస్యమైతే డ్రైవరుకు తెలుస్తుంది. ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ ముగించుకుని బయటికి రావడానికి గంట పట్టినా ఆశ్చర్యం లేదు కాబట్టి, ఉచిత నిరీక్షణ సమయాన్ని విమానం దిగినప్పటి నుంచి లెక్కిస్తారా, మీరు చెప్పిన గంట నుంచి లెక్కిస్తారా అన్నది రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

రెండవ సమాధానం: నాలుగు పెట్టెలంటే సెడాన్ వద్దు. సీఎన్‌జీ కార్ల డిక్కీలో సగం చోటు సిలిండరే ఆక్రమిస్తుంది, ఈ సంగతి బుకింగ్ పేజీలో ఎవరూ రాయరు. ఏడు సీట్ల బండి తీసుకుని, వెనక సీటు మడిచి ఉంచమనండి. పార్కింగ్, టోల్, రాత్రి అదనపు రుసుము ధరలో కలిసి ఉన్నాయో లేదో కూడా అడగండి. బంజారాహిల్స్‌కు ఆరాంఘర్ దగ్గర పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి మెహదీపట్నంలో దిగితే సరిపోతుంది. 2009లో ప్రారంభమైన ఆ వంతెన పొడవు 11 కిలోమీటర్ల పైచిలుకు. ఔటర్ రింగ్ రోడ్డు టోల్ గచ్చిబౌలి వైపు వెళ్లేవారి ఖర్చు.

మూడవ సమాధానం: నంబరు ప్లేటు తెలుపు రంగులో ఉంటే అది సొంత వాహనం, అద్దెకు తిప్పే అనుమతి దానికి ఉండదు. పసుపు ప్లేటు చూసి ఎక్కమనండి. విద్యుత్ టాక్సీ అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి.