విండోస్ 11కు మారాక కెమెరా క్లిప్పుల దగ్గరే మూసుకుపోతున్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ముగిసిపోవడంతో, ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లనూ ప్రోగ్రాములనూ అలాగే ఉంచి దాని మీదే విండోస్ 11 వేసుకున్నాను. అప్పటి నుంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నిలవడం లేదు.

ప్రాజెక్టు మామూలుగానే తెరుచుకుంటుంది. బంధువులు ఫోన్లతో తీసి పంపిన క్లిప్పులు, డ్రోన్ క్లిప్పులు చక్కగా ఆడుతున్నాయి. మిర్రర్‌లెస్ కెమెరాతో తీసిన క్లిప్పు మీదికి, అంటే జీలకర్ర-బెల్లం, తలంబ్రాల ఘట్టాల మీదికి, ప్లేహెడ్ (ఆడుతున్న చోటును చూపే గీత) రాగానే ప్రివ్యూ ఒక్క క్షణం నల్లబడి, ఏ సందేశమూ చూపకుండా సాఫ్ట్‌వేర్ మొత్తం మూసుకుపోతోంది. ఆ క్లిప్పులన్నీ 4కే, హెచ్.265 (వీడియోను కుదించే పద్ధతి), 10 బిట్, 4:2:2 (రంగు వివరాలను 4:2:0 కంటే ఎక్కువగా ఉంచే తీరు). ఇదే యంత్రం మీద విండోస్ 10లో ఇవే క్లిప్పులు ఏ ఇబ్బందీ లేకుండా ఆడేవి. దీనికి తోడు, వధూవరుల పేర్లు రాద్దామని టైటిల్‌లో ఫాంట్ల జాబితా తెరిస్తే ఒక్కోసారి అక్కడే బిగుసుకుపోతోంది.

సాఫ్ట్‌వేర్‌ను తీసేసి కొత్తగా వేశాను, క్యాష్ (తాత్కాలిక ఫైళ్లు) ఖాళీ చేశాను, విడి గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌ను (దాన్ని విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రామును) కూడా కొత్తది వేశాను. సాఫ్ట్‌వేర్ పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే మరో కంపెనీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ట్రయల్ వేసి చూస్తే అదీ అవే క్లిప్పుల దగ్గర మూసుకుపోయింది. మొత్తం ఫార్మాట్ చేయడం తప్ప వేరే దారి లేదా? ముహూర్తాల రోజులు కాబట్టి చేతిలో పని నిండుగా ఉంది.

రెండర్‌బాట:

కృష్ణాతీరం గారూ, ఫార్మాట్ జోలికి వెళ్లకండి. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లు ఒకే రకం క్లిప్పుల దగ్గర పడిపోతున్నాయంటే, లోపం ఆ రెండింటిలోనూ కాక, రెండూ కలిసి ఆధారపడే కింది అంతస్తులో, అంటే వీడియోను విప్పి చూపే గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది.

ముందు సాక్ష్యం చూడండి. విండోస్‌లో లోపాల చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ విభాగంలో, సాఫ్ట్‌వేర్ మూసుకుపోయిన సమయానికి ఎర్ర గుర్తుతో 1000 అనే నంబరు ఉన్న నమోదును వెతకండి. అందులో ‘ఫాల్టింగ్ అప్లికేషన్’ అన్న చోట మీ సాఫ్ట్‌వేర్ పేరే ఉంటుంది, దాన్ని చూసి అందరూ సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటారు. చూడవలసింది దాని కిందున్న ‘ఫాల్టింగ్ మాడ్యూల్’ వరుసను. అక్కడ గ్రాఫిక్స్ డ్రైవర్‌కు చెందిన ఫైలు పేరు కనబడితే దొంగ దొరికినట్టే. అక్కడ ఏదైనా ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) పేరుంటే కథ వేరు.

తర్వాత సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను (వీడియోను గ్రాఫిక్స్‌తో విప్పించడాన్ని) ఆపేసి, అదే క్లిప్పును ఆడించండి. ప్రాసెసర్ ఒక్కటే మోయాలి కాబట్టి క్లిప్పు తడబడుతూ ఆడుతుంది, అది సహజం. తడబడినా మూసుకుపోకపోతే అనుమానం రూఢి అయినట్టు.

ఇక మీరు ఇప్పటికే వేసిన డ్రైవర్ సంగతి. విడి కార్డు డ్రైవర్ ఎంత కొత్తదైనా ఈ క్లిప్పులకు అది పనికి రాకపోవచ్చు. హెచ్.265లో 4:2:2 రంగును హార్డ్‌వేర్‌తో విప్పే శక్తి విడి గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావాటికి ఈమధ్యటి తరాల దాకా లేదు. 4:2:0 అయితే అవి అలవోకగా విప్పుతాయి, ఫోన్ క్లిప్పులూ డ్రోన్ క్లిప్పులూ సాధారణంగా 4:2:0లోనే ఉంటాయి కాబట్టే అవి మీకు ఆడుతున్నాయి. 4:2:2 పని చాలా ల్యాప్‌టాపుల్లో ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్ మీద పడుతుంది. ఆటలు ఆడేవాళ్లెవరూ దాన్ని పట్టించుకోరు కాబట్టి దాని డ్రైవర్‌ను మార్చాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. పాత విండోస్ మీదే కొత్తది వేసినప్పుడు ఆ డ్రైవర్ పాతది అలాగే మిగిలిపోవచ్చు, లేదా విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్న మరో ప్రతిని దాని స్థానంలో పెట్టవచ్చు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద రెండు పేర్లు కనబడతాయి. రెండింటి డ్రైవర్ తేదీలనూ ఇక్కడ రాయండి.

మార్చేటప్పుడు వరుస ముఖ్యం. రెండు డ్రైవర్లనూ ముందే దించుకొని, ఇంటర్నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో (విండోస్ కనీస డ్రైవర్లతోనే మొదలయ్యే తీరులో) పాతవాటిని పూర్తిగా తొలగించి, మొదట ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ది, తర్వాత విడి కార్డుది వేయండి. ఇంటర్నెట్ ఉంచితే మీరు తొలగించిన మరుక్షణం విండోస్ తనకు తోచిన ప్రతిని మళ్లీ తెచ్చి పెడుతుంది.

అక్షరాలబడి:

రెండర్‌బాట గారు చెప్పిన దానితో ఏకీభవిస్తున్నాను, ఫాంట్ల విషయం మాత్రం దానితో కలపకండి, అది వేరే జబ్బు. మన ఊళ్లలో పెళ్లి వీడియోల యంత్రాలు చూస్తే శుభలేఖలు అచ్చువేసే వాళ్ల దగ్గర నుంచి తెచ్చుకున్న యూనికోడ్ కాని (ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాల బొమ్మలు పెట్టిన) పాత తెలుగు ఫాంట్లు వందల్లో ఉంటాయి. ఒకే ఫాంటు రెండు మూడు ప్రతులుగా కూడా ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ జాబితా చూపడానికి ప్రతి ఫాంటునూ తెరిచి చదవాలి కాబట్టి, వాటిలో ఒక్క ఫైలు చెడిపోయినా జాబితా దగ్గరే ఆగిపోతుంది. సగం ఫాంట్లను వేరే ఫోల్డర్‌లోకి తీసి చూడండి, అప్పుడూ ఆగితే మిగిలిన వాటిలో సగం తీయండి. ఇలా సగం సగంగా వెళ్తే తొందరగానే దొరుకుతుంది. తీసే ముందు, ఇప్పటికే చేసిన టైటిళ్లను వెనుకభాగం పారదర్శకంగా ఉండే పీఎన్‌జీ బొమ్మలుగా దాచుకోండి. పాత ఫాంటు లేకపోతే ఆ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల గజిబిజిగా మారిపోతాయి, అప్పుడు పెళ్లికూతురి పేరేమిటో మళ్లీ ఫోన్ చేసి అడగాలి.

నిదానం:

పని నెత్తి మీద ఉన్నప్పుడు డ్రైవర్లతో కుస్తీ ఎందుకన్నది నా అభిప్రాయం. అప్‌గ్రేడ్ చేసి 10 రోజులు దాటకపోతే సెట్టింగుల్లో సిస్టమ్, రికవరీ దగ్గర వెనక్కి వెళ్లే వీలుంది. డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫోల్డర్‌ను తుడిచేసి ఉంటే మాత్రం ఆ దారి మూసుకున్నట్టే. వ్యక్తిగత వాడకందార్లకు విండోస్ 10 భద్రతా అప్‌డేట్లు ఈఎస్‌యూ (మద్దతు ముగిశాక కూడా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే) పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి కనుక, ఈ ముహూర్తాలు గడిచే దాకా పాతదానితోనే నెట్టుకురావచ్చు.

వెనక్కి వెళ్లే వీలు లేకపోతే, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో మార్పిడి ప్రోగ్రాముతో కెమెరా క్లిప్పులను ఎడిటింగ్‌కు అనువైన ప్రోరెస్ 422 ఫార్మాట్‌లోకి మార్చుకోండి. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ ప్రోగ్రాము గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తాకకుండా ప్రాసెసర్‌తోనే విప్పుతుంది. ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకలు క్లిప్పులు) సరిపోతాయని కొందరంటారు కానీ, ప్రాక్సీతో ఎడిట్ చేసినా ఎక్స్‌పోర్ట్ సమయంలో సాఫ్ట్‌వేర్ మళ్లీ అసలు క్లిప్పునే తెరుస్తుంది కాబట్టి అక్కడ మూసుకుపోతుంది. డిస్క్‌లో జాగా ముందే చూసుకోండి: 4కే, 25 ఫ్రేముల ప్రోరెస్ 422 గంటకు దాదాపు 220 జీబీ తింటుంది.

కృష్ణాతీరం:

ముగ్గురికీ ధన్యవాదాలు. పాత విండోస్ ఫోల్డర్‌ను ఇదివరకే తీసేయడం వల్ల నిదానం గారి మొదటి సలహా కుదరలేదు. ఈవెంట్ వ్యూయర్‌లో ఫాల్టింగ్ మాడ్యూల్ దగ్గర ప్రాసెసర్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైలే ఉంది, ఎక్సెప్షన్ కోడ్ ‘సీ0000005’తో ముగుస్తోంది. హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆపితే క్లిప్పులు నత్తనడక నడిచాయి గానీ సాఫ్ట్‌వేర్ మూసుకుపోలేదు. డివైస్ మేనేజర్‌లో విడి కార్డు డ్రైవర్ తేదీ ఇటీవలిదే, రెండోదానిది మాత్రం ల్యాప్‌టాప్ కొన్ననాటిది. మీరు చెప్పిన వరుసలోనే రెండూ మార్చి, హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను మళ్లీ పెట్టాను. తలంబ్రాలు మొదటి నుంచి చివరిదాకా ఆడాయి.

ఫాంట్ల వేట ఇంకా సాగుతోంది. ఎక్స్‌పోర్ట్ మాత్రం రాత్రి ఊరేగింపు భాగంలో, చీకట్లో తీసిన వీడియోలో కదిలే చుక్కలను తగ్గించడానికి నాయిస్ రిడక్షన్ వేసిన క్లిప్పు దగ్గర ఆగిపోతోంది. ఈసారి 1000 నంబరు నమోదు లేదు, సిస్టమ్ విభాగంలో 4101 ఉంది. ఇది కూడా ఆ డ్రైవర్ తాలూకుదేనా?

రెండర్‌బాట:

ఆ కోడ్‌కు అర్థం, ప్రోగ్రాము తనది కాని మెమరీని తాకబోయిందని. అది డ్రైవర్ ఫైలు లోపలే జరిగింది కనుక ఆ సంగతి తేలిపోయింది.

4101 అంటే డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ తేరుకుందని. గ్రాఫిక్స్‌కు అప్పగించిన ఒక పని 2 సెకన్లలో ముగియక, మధ్యలో పక్కకు కూడా జరగకపోతే విండోస్ డ్రైవర్‌నే తిరిగి మొదలుపెడుతుంది. చీకట్లో తీసిన 4కే క్లిప్పు మీద నాయిస్ రిడక్షన్ సరిగ్గా అలాంటి బరువైన పని, పైగా కార్డు మెమరీ నిండిపోతే ఇంకా నెమ్మదిస్తుంది. ఆ గడువును రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టికలో) పెంచమని చెప్పే వీడియోలు బోలెడు దొరుకుతాయి. నేనైతే దాన్ని చివరికి వాయిదా వేస్తాను, ఎందుకంటే నిజంగా బిగుసుకుపోయినప్పుడు కూడా తెర అంతసేపూ అలాగే ఉండిపోతుంది.

ఊరేగింపు క్లిప్పులను మాత్రం విడిగా, నాయిస్ రిడక్షన్‌తో సహా ప్రోరెస్‌లోకి రెండర్ చేసి, అసలు క్లిప్పుల స్థానంలో వాటిని టైమ్‌లైన్‌లో పెట్టండి. అలా విడిగా రెండర్ చేసేటప్పుడు కూడా 4101 వస్తే, నాయిస్ రిడక్షన్‌లో ముందువెనుక ఫ్రేములను ఎన్నింటిని పోల్చాలో అడిగే చోట ఆ సంఖ్యను తగ్గించి చూడండి. అప్పటికీ రెండర్ పూర్తి కాకపోతే ఆ నాయిస్ రిడక్షన్ ప్లగిన్ విండోస్ 11కు సరిపోయే వెర్షన్‌దో కాదో దాని వెర్షన్ నంబరుతో సహా ఇక్కడ రాయండి, చూద్దాం.