బాసెవిచ్ మాటల్లో పస ఉందా? అమెరికా సైనిక ఖర్చు మీద చర్చ

గోదారిగట్టు (ఒహాయో):
రెండు వారాలుగా ఆండ్రూ బాసెవిచ్ రాసినవి చదువుతున్నాను. అమెరికా సైన్యంలో చేరి వియత్నాంలో పనిచేసి, కల్నల్‌గా రిటైరై, బోస్టన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మనిషి. వామపక్షం కాదు, తనను తాను సంప్రదాయవాదినని చెప్పుకుంటాడు. ఆయన గోల ఏమిటంటే, ప్రపంచమంతా స్థావరాలు, ఎక్కడికైనా వెళ్ళి కొట్టే బలం, ఎవరి గొడవలోనైనా తల దూర్చే అలవాటు, ఈ మూడింటినీ వాషింగ్టన్‌లో ఏ పార్టీవాళ్ళూ ప్రశ్నించరు. 2024లో అమెరికా సైనిక ఖర్చు దాదాపు 997 బిలియన్ డాలర్లు. ప్రపంచ దేశాలన్నీ కలిపి పెట్టినదాంట్లో 37 శాతం. ఏటా ఇంతింత పోసి, అఫ్గానిస్థాన్‌లో 20 ఏళ్ళు కూర్చుని, చివరికి తాళాలు మళ్ళీ తాలిబన్ల చేతికే ఇచ్చి వచ్చారు. మీరేమంటారు?

లెక్కలమాస్టారు (వర్జీనియా):
బిలియన్లలో చెబితే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయండీ. జీడీపీలో ఎంతో చెప్పండి. 3.4 శాతం. కొరియా యుద్ధం నాడు అది 10 దాటింది, వియత్నాం నాడు 9 దగ్గర ఉంది. ఇప్పుడు తగ్గినట్టా, పెరిగినట్టా? జీతం పెరిగినవాడు బియ్యానికి ఎక్కువ పెడుతున్నాడని ఏడిస్తే ఎలా?

వేపచెట్టు (న్యూజెర్సీ):
మాస్టారూ, గోదారిగట్టు గారు అడిగింది ఖర్చు పెట్టి ఏం సాధించారని. మీరు శాతాలు చెబుతున్నారు. మొన్న అర్ధరాత్రి మావారికి కడుపునొప్పి వస్తే నాలుగు మైళ్ళు తీసుకెళ్ళినందుకు అంబులెన్సుకే 2,300 డాలర్లు. ఆసుపత్రి బిల్లు వేరే. ఒక భారీ బాంబర్ డబ్బుతో 30కి పైగా ఊళ్ళలో పక్కా బడి కట్టొచ్చని 1953లోనే ఐసెన్‌హోవర్ అన్నాడు. ఆయనా సైనిక జనరలే కదా!

లెక్కలమాస్టారు:
అంబులెన్సుకీ బాంబర్‌కీ ముడి ఏమిటమ్మా? వృద్ధులకూ పేదలకూ ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాలు మెడికేర్, మెడికెయిడ్ రెండూ కలిపితే సైన్యం కంటే ఎక్కువే అవుతుంది. మీ బిల్లుకు కారణం డబ్బు లేకపోవడం కాదు. ఇంతకీ 3.4కు జవాబు రాలేదు.

ఉప్పుగాలి (విశాఖపట్నం):
1971 డిసెంబరులో నాకు పదకొండేళ్ళు. కిటికీలకు నల్ల కాగితం అంటించి చీకట్లో అన్నం తినేవాళ్ళం. అప్పుడే అమెరికావాళ్ళు ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకను బంగాళాఖాతంలోకి పంపారు, మనల్ని బెదిరించడానికి. ఆ ఓడకు అయిన ఖర్చు ఎన్ని శాతమో నాకు తెలీదు.

ఆదిభట్లోడు:
మా తమ్ముడు పనిచేసే చోట అమెరికా సైన్యం వాడే అపాచీ హెలికాప్టర్ బాడీలు తయారవుతాయి. తిట్టండి గానీ ఆర్డర్లు ఆపించకండి సార్ 😀

లెక్కలమాస్టారు:
ఉప్పుగాలి గారూ, 1971 వేరు, 2022 వేరు. రష్యా ఉక్రెయిన్‌లోకి దిగాక యూరప్ ఎవరి వైపు చూసింది? ఎర్రసముద్రంలో యెమెన్ హౌతీలు ఓడల మీద పడితే అడ్డం వెళ్ళిందెవరు? బాసెవిచ్‌కు అలాంటి రోజు గుర్తుండదు.
ఇంకో మాట. నేను ఊరికే మాట్లాడటం లేదు. 2013లో బడ్జెట్ కోతలు వచ్చినప్పుడు సైన్యానికి పనులు చేసే ఒక సబ్‌కాంట్రాక్టర్ దగ్గర ఉండేవాణ్ణి. శుక్రవారం మధ్యాహ్నం పిలిచి, నా బల్ల మీద వస్తువులన్నీ అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. పాప ఫొటో, కాఫీ కప్పు, స్టేప్లర్. స్టేప్లర్ నాది కూడా కాదు. ఖర్చు తగ్గించమనేవాళ్ళకు ఆ పెట్టె బరువు తెలీదు.

వేపచెట్టు:
అదీ సంగతి! ఇన్నాళ్ళూ జీడీపీ అన్నారు, తీరా చూస్తే జీతం. ఎక్కడో ఇళ్ళ మీద బాంబులు పడాలి, ఇక్కడ మీ ఇంటి వాయిదాలు కట్టాలి.

లెక్కలమాస్టారు:
మాట జాగ్రత్తమ్మా. మీరు కట్టే ట్యాక్సు ఎక్కడికి పోతోంది? అదే బాంబుకు. కడుతూనే ఉన్నారుగా. ఈ దేశం ఉప్పు తింటూ ఈ దేశాన్ని తిట్టడం మాత్రం నాకు చేతకాదు.

సత్తిపండు:
పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

గోదారిగట్టు:
ఇద్దరూ కాస్త ఆగండి. బాసెవిచ్ అసలు బాధ డాలర్లు కాదు. 1973లో నిర్బంధ సైనిక సేవ ఎత్తేశారు. అప్పటినుంచి యుద్ధం వేరేవాళ్ళ పిల్లల పని అయిపోయింది, మిగతావాళ్ళు విమానాశ్రయంలో చప్పట్లు కొట్టి ఊరుకుంటున్నారు అంటాడు. ఇరాక్ యుద్ధం నడుస్తుంటే పన్నులు పెంచకపోగా తగ్గించారు కూడా. ఆయన మొదటినుంచీ వద్దన్న ఆ యుద్ధంలోనే 2007 మేలో ఆయన కొడుకు చనిపోయాడు. లెఫ్టినెంట్.

వేపచెట్టు:
నేను రాయకూడదనుకున్నది ఇప్పుడు రాస్తున్నా. మా పెద్దాడికి పోయిన నెల 18 నిండాయి. గ్రీన్‌కార్డు ఉన్న మగపిల్లల పేర్లు కూడా సెలెక్టివ్ సర్వీస్‌లో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి పెట్టుకునే జాబితాలో, ఉండాలట. పోస్టులో కార్డు వచ్చింది. కరెంటు బిల్లుల కింద పెట్టాను, ఇంకా వాడికి చూపించలేదు. మాస్టారూ, మొన్న ఉగాది సంబరాలకు వందలమంది వచ్చారు. పిల్లాడు సైన్యంలో ఉన్న ఇల్లు నాకు ఒక్కటీ కనపడలేదు. యుద్ధం కావాలనేవాళ్ళు మాత్రం బోలెడుమంది, భోజనాల దగ్గర.

లెక్కలమాస్టారు:
అయితే బాసెవిచ్ చెప్పినట్టు అందరి పిల్లలనూ పిలవమందామా? మీవాణ్ణి పంపుతారా? సూటిగా చెప్పండి.

వేపచెట్టు:
పంపను.

లెక్కలమాస్టారు:
మరింకేం! మీరూ నేనూ ఒకటే. వేరేవాళ్ళ పిల్లలు వెళ్తారు, మనం ఇక్కడ టైపు చేస్తాం. నేను అది ఒప్పుకుని డబ్బు కట్టమంటున్నా, మీరు ఒప్పుకోకుండా తిడుతున్నారు.

వేపచెట్టు:
ఒకటి కాదు. నా కొడుకును పంపలేని యుద్ధానికి ఇంకొకరి కొడుకును పంపమని నేను అడగను. మీరు అడుగుతున్నారు.

ఆదిభట్లోడు:
మా తమ్ముడి సంగతి సరదాకి అన్నాను, ఏమనుకోకండి.

లెక్కలమాస్టారు:
రాత్రంతా నిద్ర పట్టలేదు. మావాడికి ఇప్పుడు 24. 2019లో కాలేజీకి ఫెడరల్ సాయం రావాలంటే ఆ సెలెక్టివ్ సర్వీస్‌లో పేరు రాయించడం తప్పనిసరిగా ఉండేది. వాడు వీడియో గేమ్ ఆడుకుంటుంటే పక్కన కూర్చుని నేనే నింపేశాను. రెండు నిమిషాల పని. అదేమిటో వాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ కార్డు బిల్లుల కింద పెట్టకండి, పిల్లాడికి చూపించండి.
3.4 శాతం మాత్రం నేను వెనక్కి తీసుకోను.