సమస్య: మచ్చలేనివాడె మాయగాడు (ఆటవెలది)

నిర్వాహకులు:
ఇచ్చినది నాలుగో పాదం. పై మూడు పాదాలు రాసి, అర్థం పొసిగేలా పద్యం నింపడమే పూరణ. మచ్చలేనివాడు మాయగాడెలా అవుతాడన్నదే చిక్కు. ఈసారి 'ఆదర్శీకరించు' (లోపాలను మనసులోనే చెరిపేసి నిండుగా చూసుకోవడం) అనే క్రియ చుట్టూ భావం నడవాలి. ఆ పదాన్నే వాడితే ఇంకా సంతోషం.

గణాలు తెలిసినవే: బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు (న III, హ UI; U అంటే గురువు, బరువైన అక్షరం; I అంటే లఘువు, తేలికైనది), రెండు ఇంద్రగణాలు (నగ IIIU, సల IIUI, నల IIII, భ UII, ర UIU, త UUI). సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు) గానీ ప్రాసయతి (రెండుచోట్లా రెండో అక్షరాల పొత్తు) గానీ చెల్లించాలి.

పూరణ 1

ఉన్న లోపమెల్ల నూహతో గప్పుచు
మంచి వన్నె లద్ది మలచినట్టి
రూపు జూచి మురిసి రూఢిగా నమ్మకు
మచ్చలేనివాడె మాయగాడు

నిర్వాహకులు:
ధార బాగుందండీ. మొదటి పాదంలో 'ఉ'కు 'నూ' ఏమిటని ఎవరైనా అడగవచ్చు. 'ఎల్లను + ఊహతో' అని విడదీస్తే ఊకారం కనబడుతుంది, స్వరయతి చెల్లింది.

ఒక్క మాట మార్చండి. 'మలచినట్టి'లో 'అట్టి' గణం నింపడానికే వచ్చింది. పైగా మలచిందెవరో తేలదు. 'మలచుకొన్న' అనండి (మలచు | కొన్న: న, హ), గణం చెడదు, యతీ అలాగే నిలుస్తుంది. 'కొను' చేరగానే ఆ పని చూసేవాడిదని తెలిసిపోతుంది. ఆదర్శీకరించడంలో కర్త ఎప్పుడూ చూసేవాడే, ఎదుటి మనిషి కర్మ మాత్రమే. సమస్యలోని విరోధం విడిపోయేది ఇక్కడే: మాయగాడు మనం కట్టుకున్న రూపం, ఆ మనిషి కాదు.

పూరణ 2

నరుని నాదర్శీకరించి చూడగనేల
యరసి చూడ దొసగు లందు గలవు
పైకి మెరుగు లద్ది పదుగురి మురిపించు
మచ్చలేనివాడె మాయగాడు

నిర్వాహకులు:
పదాన్ని వాడాలన్న పట్టుదలకు అభినందనలు. కానీ మొదటి పాదం రెండో గణంలోనే చెడింది. 'నరుని' నగణం, సరే. తర్వాత 'నాద' రెండు గురువులు, ఎందుకంటే 'ర్శీ' ముందున్న 'ద' గురువే. సూర్యగణం ఎప్పుడూ లఘువుతోనే ముగుస్తుంది కనుక అక్కడ రెండు గురువులు వరుసగా రావు. గణం తప్పాక యతిస్థానమూ దొరకలేదు.

'ఆదర్శీకరించు' UUUIUI. ఆటవెలదిలో మూడు గురువులు వరుసగా పడే చోటు ఒక్కటే: బేసి పాదంలో నాలుగో గణం గురువుతో ముగిసి (ర గానీ నగ గానీ), అయిదోది తగణం కావాలి. అప్పుడు 'రించు' కింది పాదంలోకి దిగుతుంది. ఇక్కడ మూడో పాదం కింద సమస్యాపాదం ఉంది కాబట్టి మిగిలింది మొదటి పాదం చివరే. ఇలా:

కంటిముందు మనిషి గాక యాదర్శీక
రించుకొన్న రూపు రేయి పగలు
కొలిచి కొలిచి తుదకు గుముల నేల? వినుము
మచ్చలేనివాడె మాయగాడు

భావంలోనూ ఒక ఇబ్బంది ఉంది. పైకి మెరుగులద్దుకొని పదుగురిని మురిపించేవాడు మోసగాడు. అది వాడు చేసే పని, ఆదర్శీకరణ కాదు.

ప్రశ్న: 'ఫలానావారిని ఆదర్శీకరించి నడుచుకోవాలి' అనవచ్చాండీ?

నిర్వాహకులు:
అనకూడదు. ఒకరిలో ఉన్న మంచిని చూసి ఆ దారిన నడవడం 'ఆదర్శంగా తీసుకోవడం'. నోటితో అతిగా పొగడడం 'ఆకాశానికెత్తడం'. లోపాలను మనసులోనే చెరిపేసి నిండుగా చూసుకోవడం 'ఆదర్శీకరించడం'. అలా చూస్తున్నామన్న సంగతి చూసేవాడికి తరచూ తెలియదు కూడా. 'బాల్యాన్ని ఆదర్శీకరించాడు', 'గతాన్ని ఆదర్శీకరించే రచన', ఇవి సరైన వాడుకలు.

వ్యాకరణమూ ఇదే చెబుతుంది. ఇందులో ఉన్నది సంస్కృతంలోని చ్వి ప్రత్యయం. అది కానిదాన్ని అదిగా చేయడం దాని అర్థం, సరళీకరణలో లాగే. 'ఆదర్శ'లోని చివరి అకారం ఈకారమైంది ఆ ప్రత్యయం వల్లే. కాబట్టి నిజంగా లోపం లేనిదాన్ని ఆదర్శీకరించామనడం పొసగదు.

పూరణ 3

చిక్కడెవరికైన జిక్కు భక్తికి మాత్ర
మఖిల లోకములకు నాదిగురువు
నందగోపసుతుడు నల్లనివాడైన
మచ్చలేనివాడె మాయగాడు

నిర్వాహకులు:
'మచ్చలేనివాడె' దగ్గర వాక్యం ఆపి, 'మాయగాడు'ను కృష్ణుడి పేరు చేశారు. చమత్కారం పండింది. 'నల్లనివాడైన' అన్న ఎత్తుగడే దానికి ఊపిరి. ఒక్క ఆక్షేపణ: ఆయన శ్రీవత్సలాంఛనుడు, రొమ్మున మచ్చ ఉంది! 'మచ్చ' అంటే ఇక్కడ కళంకమనే తీసుకోవాలి. అయితే క్రియ చుట్టూ నడవాలన్న నియమం మాత్రం ఇందులో నెరవేరలేదు. పూరణగా మెచ్చుకుంటూనే పోటీలో లెక్కించడం లేదు.

ప్రశ్న: ఆ క్రియ ఒకే పాదంలో పట్టే ఛందస్సు లేదా?

నిర్వాహకులు:
తేటగీతి ఉంది. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు (ఇక్కడ ర, త), రెండు సూర్యగణాలు:

రిత్తదాని నాదర్శీకరింపబోకు

రిత్త | దాని నా | దర్శీక | రింప | బోకు. నాలుగో గణం 'రిం'తో మొదలవుతుంది కనుక పాదం రి, రీ, రె, రే వంటి అక్షరంతో ఎత్తుకోవాలి. ప్రాసయతితోనూ గట్టెక్కవచ్చు. మిగతా మూడు పాదాలు మీరు పూర్తి చేసి పంపండి.