గువ్వల్ని కాల్చి మ్యూజియంకి ఇస్తే సైన్సా, సాకా?

లబ్బక్ శీను: మన పెరళ్ళలో తిరిగే, మెడ వెనక నల్లగీత ఉండే గువ్వ ఇక్కడ టెక్సాస్‌లో పరాయి పక్షి. 1970ల్లో బహామాస్‌లో పంజరాల్లోంచి తప్పించుకుని, 1980లకి ఫ్లోరిడా చేరి, ఇప్పుడు అమెరికాలో చాలాచోట్ల పాకింది. లైసెన్స్ ఉంటే ఏడాది పొడవునా కొట్టొచ్చు, రోజుకి ఇన్నే అన్న లెక్క లేదు. ఈసారి కొట్టినవాటిలో కొన్నిటిని కూరకి కాకుండా ఒక యూనివర్సిటీ పక్షుల సేకరణకి ఇచ్చాను. మీరేమంటారు?

గోదారి పిల్ల: పాపం గువ్వలు.

కడప మాధవ: శీను గారూ, కాల్చాలనిపించింది, కాల్చారు. మధ్యలో సైన్సు ఎందుకు? ఫోటోలు తీసి పంపితే చాలదా?

లబ్బక్ శీను: ఫోటోలోంచి డీఎన్ఏ తీస్తారా అండీ? ఒక్కోదాన్ని విడి కవర్లో పెట్టి, తేదీ, చోటు పెన్సిల్‌తో చీటీ మీద రాసి డీప్ ఫ్రీజర్లో వేశాను. చీటీ లేని పక్షి వాళ్ళకి ఎందుకూ కొరగాదు. ఈ గువ్వలు గొంతులో ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవిని మోస్తాయి, ఇక్కడి స్థానిక గువ్వలైన మౌర్నింగ్ డవ్‌లకీ అది అంటుకుంటుంది. అలాంటివి చూడాలంటే పక్షి చేతిలో ఉండాలి.

కడప మాధవ: పెన్సిలా పెన్నా అని అడిగానా నేను?

రవి_98: పెన్సిలే కరెక్ట్. పెన్ను ఇంకు తడికి పోతుంది.

ల్యాబ్ అక్క: డీడీటీ అనే పురుగుమందు వల్ల డేగల గుడ్ల పెంకులు పల్చబడ్డాయని 1960ల్లో తేలింది పాత సేకరణల్లోని గుడ్లతో పోల్చి చూడబట్టే. వాటిని దాచినవాళ్ళలో చాలామందికి డీడీటీ పేరే తెలీదు. కాకపోతే శీను గారూ, పెల్లెట్లు తగిలి తల నుజ్జయితే ఆ పుర్రె దండగే. ఆ ముక్క కూడా చెప్పాలి మీరు.

కడప మాధవ: సేకరణల సంగతి మాకూ తెలుసు. 1900 తర్వాత జాడలేని కలివికోడి అనే అరుదైన పిట్ట 1986లో మా జిల్లాలో దొరికింది. పట్టిన ఆ ఒక్కటీ చచ్చి బొంబాయిలోని సేకరణకి చేరింది.

లబ్బక్ శీను: పట్టింది ఊళ్ళో వేటగాడే కదా? అతను లేకపోతే ఆ పిట్ట ఇంకా బతికుందని ఎవరికి తెలిసేది?

కడప మాధవ: అదే నా మంట! మా పెద్దమామ రెండు కౌజు పిట్టలు పట్టాడని 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు పెట్టారు. కోర్టు చుట్టూ తిరగలేక ఉన్న మేకలు అమ్ముకున్నాడు. ఏ పిట్ట ఏ నెలలో ఏ పొద కింద గుడ్లు పెడుతుందో చెప్పగలిగిన మనిషి. ఒక్కరూ వచ్చి అడగలేదు. నువ్వు కాల్చి ఇస్తే మాత్రం దాతవి, చీటీ మీద నీ పేరు! గువ్వల గురించి కాదయ్యా నా గొడవ.

లబ్బక్ శీను: ఆ ముక్క మొదటే అనొచ్చుగా? పొద్దున్నుంచీ గువ్వల మీద పడ్డారు. చట్టం నేను రాయలేదు. అక్కడ గువ్వ స్థానిక పక్షి, ఇక్కడ పరాయిది.

కడప మాధవ: పరాయిదట! నువ్వు ఏ వీసా మీద పోయినావో అది కూడా రాయి చీటీలో.

గోదారి పిల్ల: అన్నలూ, కొట్టుకోకండి.

రవి_98: ఇంతకీ ఒక గువ్వకి మాంసం ఎంత వస్తుంది?

లబ్బక్ శీను: పక్షి మొత్తం 200 గ్రాములుంటే ఎక్కువ. రొమ్ము తప్ప ఏమీ మిగలదు. మాధవ గారూ, మీ మామ కేసు ఏమైంది?