జిప్సీకి ట్రాన్స్‌ఫర్ కేస్‌లో లో గేర్లు: మన డెల్టా నేలకి అవసరమా?

వైనతేయ తీరం:
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర. 2004 మారుతీ జిప్సీ కింగ్ ఉంది, 1.3 లీటర్ల ఎంపీఎఫ్ఐ పెట్రోలు ఇంజిన్. ఇది షికారు బండి కాదు, రొయ్యల చెరువుల మీద రోజూ పని చేసే బండి. పన్నెండు ఫీడు బస్తాలు, అంటే మూడు క్వింటాళ్లు, వెనక వేసుకుని గట్ల మీద తిరగాలి. గట్టు పైన ఎనిమిది అడుగుల వెడల్పుంటే గొప్ప. రెండు వైపులా నీళ్లు. శ్రావణంలో ఆ నల్లమట్టి మీద మనిషే నిలబడలేడు.

నాలుగు చక్రాలూ లాగే నెమ్మది వరస, అంటే ఫోర్ వీల్ 'లో', దాంట్లో మొదటి గేర్ వేసినా, గట్టు మలుపుల దగ్గర బండి నాకు కావలసినదానికన్నా జోరుగా పోతోంది. అందుకని సగం క్లచ్ మీద నడుపుతున్నాను. మూడేళ్లలో రెండు క్లచ్ ప్లేట్లు పోయాయి. సఖినేటిపల్లిలో పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) దిగి లోడుతో రేవు ఎక్కేటప్పుడు, ముందు బండి ఆగితే నేనూ ఆగాలి. మళ్లీ కదిలేసరికి క్లచ్ మాడిన వాసన వచ్చేస్తుంది.

లెక్క వేసి చూశాను. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో, అంటే గేర్‌బాక్స్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే పెట్టెలో, హై (మామూలు వరస) 1.409, లో 2.268. మొదటి గేర్ 3.652, డిఫ్ (యాక్సిల్ మధ్యలో బలాన్ని రెండు చక్రాలకి పంచే గేర్లు) 3.909. లోలో మొదటి గేర్‌కి మూడూ గుణిస్తే 32 చిల్లర. ఇంజిన్ 32 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందన్నమాట. కంపెనీ సైజు 205/70 ఆర్15 టైరుతో వెయ్యి ఆర్‌పీఎమ్ దగ్గర గంటకు 3.9 కిలోమీటర్లు. కానీ ఈ ఇంజిన్ లోడు మీద వెయ్యి దగ్గర లాగదు, పదిహేను వందలు ఇవ్వాలి. ఇస్తే దాదాపు ఆరు. జారే గట్టు మీద ఆరంటే నాకు భయమే.

బయటి దేశాల్లో ఈ కేస్‌కి 4.16, 6.5 లో గేర్లు దొరుకుతున్నాయి. 4.16 వేస్తే ఆ 32 కాస్తా 59 అవుతుంది. 6.5 వేస్తే 93 దాకా పోతుంది. వేయించాలా? వేయిస్తే ఏది? మా అన్నయ్య మాత్రం "పల్లపు నేలకి కొండ గేరెందుకురా" అంటున్నాడు.

పుంత దారి:
మీ అన్నయ్యగారి మాటే నా మాట కూడానండి. ఆ గేర్లు రాళ్లెక్కేవాళ్ల కోసం పుట్టినవి. రాయి మీద పట్టు ఉంటుంది, కాబట్టి చక్రం నెమ్మదిగా బలంగా తిరిగితే చాలు. మన దగ్గర రాయెక్కడుంది? ఉన్నది బురద, ఇసుక, వరద తీశాక లంకల్లో మిగిలే ఒండ్రు. బురదలో టైరు గళ్ల నిండా మట్టి పట్టేస్తుంది. చక్రం జోరుగా తిరిగి ఆ మట్టిని విసిరేస్తేనే మళ్లీ పట్టు దొరుకుతుంది. నెమ్మదిగా తిరిగితే నాలుగు చక్రాలూ నున్నటి రోలర్లయిపోతాయి. అంతర్వేది ఇసుకలో కూడా అంతే, ఊపు పోతే బండి కూరుకుపోతుంది.

రెండేళ్ల కిందట వరద తగ్గిన నాలుగో రోజున మందులు, తాగునీళ్లు వేసుకుని ఒక లంకలోకి వెళ్లాను. లోలో రెండో గేర్, మూడో గేర్ తప్ప మొదటి గేర్ ముట్టుకోలేదు. నన్ను బయటపడేసినవి మడ్ టైర్లు, వెనక డిఫ్‌లో వేయించుకున్న లాకర్, అంటే రెండు చక్రాలూ కలిసే తిరిగేలా బిగించేది. మామూలు డిఫ్ అయితే పట్టులేని చక్రం ఒక్కటే గిరగిరా తిరిగి రెండోది చూస్తూ ఉంటుంది. దానికి మీరు ఎంత లో గేరు ఇచ్చినా, ఆ ఒక్క చక్రమే ఇంకా నెమ్మదిగా తిరుగుతుంది. ముందు టైర్లు, తర్వాత లాకర్. గేర్ల మాట ఆ తర్వాత.

డీజిల్ 540:
నా దగ్గర మహీంద్రా ఎమ్ఎమ్540 ఉంది, 2112 సీసీ ప్యూజో డీజిల్. నాలుగే గేర్లు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసినా కొబ్బరికాయల లోడుతో పుంతలో అలా నడిచిపోతుంది. మీ బాధ ట్రాన్స్‌ఫర్ కేస్‌ది కాదు, ఆ చిన్న పెట్రోలు ఇంజిన్‌ది. కింద బలం లేని ఇంజిన్‌కి గేర్ల మీద డబ్బు పోసే బదులు పాత డీజిల్ జీపు ఒకటి చూసుకోండి.

చెరువు గట్టు:
డీజిల్ 540 గారూ, మీ బండి బరువెంత, జిప్సీ బరువెంత? తడి గట్టు అంచు కుంగకుండా ఉండాలంటే తేలికైన బండే కావాలి. మా నాన్నగారి జీపు గట్టు తెగి చెరువులోకి ఒరిగింది, ట్రాక్టర్ పెట్టి లాగాం. ఆ తర్వాతే జిప్సీకి మారాం. చిన్న ఇంజిన్‌కి కింద బలం లేదన్నమాట నిజమే. ఆ లోటు తీర్చడానికే కదండీ గేరు ఉన్నది.

పుంత దారి గారు వేగం పోతుందన్నారు. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు, అందుకని కాస్త వివరంగా చెబుతాను. జిప్సీకి ఐదు గేర్లున్నాయి. ఇప్పుడున్న లోలో రెండో గేర్ అంటే 1.947ని 2.268తో గుణించాలి, 4.42. మూడో గేర్ 3.23. 4.16 వేశాక లోలో నాలుగో గేర్ నేరుగా 4.16. ఐదో గేర్ 0.795 కాబట్టి 3.31. అంటే మీరు లంకలో వాడిన రెండో గేర్, మూడో గేర్ ఎక్కడికీ పోలేదు. వాటి పేర్లు నాలుగు, ఐదు అయ్యాయి, అంతే. వాటి కింద మూడు గేర్లుంటాయి. వాటిలో రెండో గేర్ ఇంచుమించు ఇప్పటి మొదటి గేరే, మిగిలిన రెండూ కొత్తగా వచ్చినవి. బురద వచ్చినప్పుడు నాలుగులో వేసుకోండి, గట్టు మలుపులో ఒకటిలో పొండి.

6.5 మాత్రం వద్దంటాను. దాంతో లోలో ఐదో గేర్ కూడా 5.17 దగ్గరే ఆగిపోతుంది, ఇప్పటి హై మొదటి గేరంత. అప్పుడు పుంత దారి గారు చెప్పినట్టే అవుతుంది. మట్టి విసిరే వేగం లోలో ఎక్కడా దొరకదు.

ఇంకొకటి. పంటులోకి దిగేటప్పుడు సంగతి ఎవరూ అనలేదు. జిప్సీకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. నీళ్లలో తడిసిన డ్రమ్ములు వెంటనే పట్టవు. మూడు క్వింటాళ్లతో రేవు వాలు దిగేటప్పుడు ఇంజినే బండిని పట్టి ఆపితే ఆ ధైర్యం వేరు. ఇరవై ఏళ్లుగా ఆ రేవు దిగుతున్నవాడిని, నాకు తెలుసు.

పుంత దారి:
నాలుగో గేర్ లెక్క నేను వేసుకోలేదండి, ఒప్పుకుంటున్నాను. 4.16 విషయంలో వేగం మీద నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. కానీ యాక్సిళ్ల మాటేమిటి? చక్రం దగ్గరికి వెళ్లే బలం ఇంచుమించు రెట్టింపవుతుంది. జిప్సీ ముందు జాయింట్లు అంత గట్టివి కావు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు ఆ బలం పడితే టప్పున పోతాయి. అప్పుడు గట్టు మధ్యలో, ముందు చక్రం చచ్చిపోయి, పక్కన నీళ్లు. క్లచ్ ప్లేటు పోయినా బండి ఇంటికి ఈడ్చుకురావచ్చు.

స్పానర్ 17:
మెకానిక్‌గా నా అనుభవం చెబుతాను. ఇవి నేను మూడు బండ్లకి వేశాను.

జాయింట్లు ఊరికే లో గేర్ల వల్ల పోవు. జారే మట్టిలో పట్టు ఎంతో చక్రం అంతవరకే బలం తీసుకుంటుంది, మించితే జారిపోతుంది. విరిగేది ఎప్పుడంటే, ఖాళీగా జోరుగా తిరుగుతున్న చక్రం ఒక్కసారి గట్టి నేలని పట్టుకున్నప్పుడు. రేవులో సిమెంటు అంచు, కాలవ గట్టున రాతి కట్టడం, అలాంటిచోట్ల. ఊపు మీద పోయేవాళ్లే యాక్సిళ్లు ఎక్కువ విరుస్తారు. నెమ్మదిగా పోగలిగితే ఆ దెబ్బ తగ్గుతుంది. కానీ పుంత దారి గారు చెప్పినట్టు స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం పోవడం ఖాయం. లో గేర్ ఉన్నా అది చెయ్యకండి.

అసలు భయపడాల్సింది కేస్‌ని పట్టుకున్న మౌంటింగుల గురించి. జిప్సీలో ఈ కేస్ గేర్‌బాక్స్‌కి అతికి ఉండదు. మధ్యలో చిన్న షాఫ్టు, కేస్ విడిగా మూడు చోట్ల రబ్బరు బుష్‌ల మీద చాసిస్‌కి వేలాడుతుంది. గేర్ తగ్గించాక కేస్ మెలి తిరగాలని చూస్తుంది. పాత బుష్‌లైతే కొన్నాళ్లకే చిరుగుతాయి, ఆ తర్వాత బ్రాకెట్ పగులుతుంది. మన ఉప్పునీళ్ల ఊళ్లలో ఆ బ్రాకెట్ దగ్గర చాసిస్ ముందే తుప్పు తిని ఉంటుంది. గేర్లు ఆర్డరు చేసేముందు బండిని పైకి లేపి, స్క్రూడ్రైవర్‌తో అక్కడ గట్టిగా పొడిచి చూడండి. దిగిందంటే ముందు వెల్డింగ్ పని.

బేరింగులు, సీళ్లు, మౌంటింగులు గేర్లతోపాటే కొత్తవి వేయండి, రెండోసారి విప్పే పని పెట్టుకోకండి. నా దగ్గరికి వచ్చిన ఒక బండికి వేరేచోట ఈ గేర్లు వేశారు. బేరింగుల బిగువు చూడలేదు. రెండు నెలలకే కేస్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, విప్పి చూస్తే బేరింగులు నీలం రంగుకి తిరిగి ఉన్నాయి. అంత దూరం నుంచి, కస్టమ్స్ కట్టి తెప్పించుకున్న సరుకు. చాలా బాధేసింది.

కేస్ మీద గాలి పోయే గొట్టాన్ని రబ్బరు ట్యూబుతో పైకి, బానెట్ ఎత్తుకి లాగండి. వేడి మీదున్న కేస్ నీళ్లలోకి దిగితే లోపలి గాలి కుంచించుకుని నీళ్లు లాక్కుంటుంది. ఆయిల్ పాలు కలిపిన టీలా కనబడితే ఆ రోజే మార్చేయండి.

కత్తిపూడి రోడ్డు:
216 హైవే మీద తిరిగేవాళ్లకి ఒక మాట. 4.16 కిట్‌లో హై కూడా 1.409 నుంచి 1.58కి మారుతుంది, అంటే అదే వేగానికి ఇంజిన్ పన్నెండు శాతం ఎక్కువ తిరగాలి. ఐదో గేర్‌లో ఎనభై దగ్గర ఇప్పుడు 2780 ఆర్‌పీఎమ్ ఉంటే 3100 దాటుతుంది. రోజూ అమలాపురం, కాకినాడ తిరిగితే ఇంజిన్ మోత, పెట్రోలు ఖర్చు రెండూ తెలుస్తాయి. 235/75 ఆర్15 టైర్లు వేసినవాళ్లకి ఇదే వరం. ఆ టైరు పది శాతం పెద్దది కాబట్టి ఒకదానికొకటి సరిపోయి, ఎనభై దగ్గర 2840కి వచ్చేస్తుంది. అయితే టైరు సైజు మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద మార్పుల గొడవ ఉంది, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లేముందు ఆలోచించుకోండి. స్పీడోమీటరు కేబులు కేస్ నుంచి చక్రాల వైపు వెళ్లే షాఫ్టు మీదే ఉంది, కాబట్టి గేర్లు మార్చినా రీడింగు మారదు. టైరు మారిస్తే మాత్రం తక్కువ చూపిస్తుంది.

పుంత దారి:
స్పానర్ గారి మాట మీద నాకు గౌరవముంది. అయినా వరస మారకూడదనే అంటాను. ఒకే డబ్బుతో లాకరా, గేర్లా అంటే నా ఓటు లాకర్‌కే.

చెరువు గట్టు:
గట్టు మీద లాకరా? వద్దండీ, దయచేసి. లాకర్ ఉంటే వెనక రెండు చక్రాలూ ఒక్కసారే జారతాయి. గట్టు ఏ కొంచెం ఒక పక్కకి వాలి ఉన్నా తోక నీళ్లవైపు పోతుంది. మామూలు డిఫ్‌లో జారని చక్రం బండిని అడ్డంగా పోకుండా పట్టుకుంటుంది. స్విచ్ నొక్కితే పట్టి, వద్దంటే వదిలేసే లాకరైతే సరే. ఎప్పుడూ పట్టి ఉండేది లంక ఒండ్రులో దేవుడు, గట్టు మీద యముడు.

స్పానర్ 17:
వైనతేయ తీరం గారూ, ఇంతమంది ఇన్ని చెప్పారు కదా, డబ్బు పెట్టకముందు మీరే ఒకసారి చూసుకోండి. పన్నెండు బస్తాలూ వేసి, లోలో మొదటి గేర్‌లో, బండి కదిలాక క్లచ్ మీద కాలు పూర్తిగా తీసేసి మీ గట్లు అన్నీ ఒక చుట్టు తిరగండి. ఎన్నిచోట్ల కాలు క్లచ్ మీదికి పోయిందో లెక్కపెట్టండి. మీకు కావలసింది గేరా, అలవాటా, అప్పుడు తెలుస్తుంది.

వైనతేయ తీరం:
చేశానండి. నిన్న రాత్రి వాన పడింది, ఇవాళ పొద్దున్నే వెళ్లాను.

నేరుగా ఉన్న గట్ల మీద క్లచ్ అవసరమే లేదు. నిజం చెప్పాలంటే అక్కడ నేను అలవాటు కొద్దీ కాలు పెడుతున్నాను. మొత్తం చుట్టులో ఏడుచోట్ల కాలు పోయింది. నాలుగు తూముల దగ్గర, రెండు మూల మలుపుల్లో, ఒకటి గట్టు మీద నుంచి మెరక రోడ్డుకి ఎక్కేచోట. తూముల మీద గట్టు ఇంకా సన్నం, అక్కడ ఆరు కిలోమీటర్ల వేగంతో పోవడం నావల్ల కాలేదు. సాయంత్రం రేవు ఎక్కుతూ సగంలో ఆగి మళ్లీ కదిలాను. వాసన వచ్చింది.

చాసిస్ కూడా పొడిచి చూశాను. కుడివైపు బ్రాకెట్ దగ్గర స్క్రూడ్రైవర్ మొన దిగింది. ముందు వెల్డింగ్. తర్వాత మౌంటింగులతో కలిపి 4.16 తెప్పిస్తాను. టైర్లు కంపెనీ సైజే ఉంచుతాను, నాకు హైవే పని తక్కువ.

పుంత దారి:
ఏడు చోట్లేనా? ఏడుచోట్ల కోసం అంత ఖర్చు అక్కర్లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. నా లాకర్ స్విచ్ మీద పనిచేసేదే. ఆదివారం బండి తీసుకొస్తాను, మీ తూముల మీద మీరే నడిపి చూడండి. గేర్లు మాత్రం కంపెనీవే ఉన్నాయి నాకు.

వైనతేయ తీరం:
రండి, తప్పకుండా. ఉదయం మొదటి పంటుకి దిగితే రేవులోనే ఉంటాను. ముందు మీ బండిలో పన్నెండు బస్తాలు వేసి రేవు ఎక్కిద్దాం, సగంలో ఆపి మళ్లీ కదిలిద్దాం. ఆ తర్వాత గట్ల మీదికి వెళ్దాం. స్పానర్ గారూ, వీలైతే మీరు కూడా రండి. భోజనం మా ఇంట్లోనే.